వలిసె పూల బ్లైండ్

"బండాపు! పజోరు ఇచ్చి కదులు!"

రోడ్డుకి అడ్డంగా వెదురు బొంగు. దాని వెనకాల చైత్రమాసపు ఇటుకల పండగకి ముస్తాబైన ఆడవాళ్లు. అందరికంటే ముందు, నడుం మీద చెయ్యేసుకుని ఒకమ్మాయి. మా అనంతగిరి వైపు కూడా పండగ రోజుల్లో ఆడవాళ్లు ఇలాగే దారి కాసి పజోరని డబ్బులు వసూలు చేస్తారు. నాకది కొత్త కాదు. జేబులో రూపాయి లేకపోవడమే చిక్కు.

"ఫోన్లో కొడతాను."

"సిగ్నలే లేదు, ఏటి కొడతావు? బండి మీద ఆ రోల్ ఏటి?"

"కిటికీకి కట్టే బ్లైండ్. రిసార్టోళ్లది. ముట్టుకోకు!"

వద్దంటే ఆగే రకమా! లాగేసుకుని, "డబ్బు తెచ్చి తీసుకుపో" అంది. పేరు స్వర్ణట. ఆ పొగరు చూసి, చేసుకుంటే ఈ గుంటనే చేసుకోవాలని అక్కడికక్కడే తీర్మానించేశాను. తిక్కంటారా, అనండి.

అరకులో నేను పనిచేసే కర్టెన్ల షాపు ఓనరు భాస్కరరావుగారు మాత్రం, "రోల్ లేకుండా షాపు గుమ్మం ఎక్కావో, చూసుకో!" అన్నారు. నాకు కావలసిందీ అదే. మర్నాడు పొద్దున్నే డబ్బులు పట్టుకుని వాళ్లింటికి పోయాను.

కొత్తిల్లు. పెద్ద కిటికీ, ఖాళీగా ఉంది. స్వర్ణ రోల్ తెచ్చి నా చేతిలో పడేసింది.

"విప్పి సూసాను. గులాబీలు! మా కొండ మీద గులాబీలు ఎవులు నాటారు? వలిసె పూలున్నది తే, కొంటాను."

"ఆ డిజైన్ ఎవులూ ఎయ్యరు."

"ఎయ్యకపోతే ఏయించు. మా సేన్లో నెల్లాళ్లు పూసి పోతాయి. నా కిటికీకి ఏడాదంతా ఉండాల. కాఫీ పళ్లు కోసి కట్టుకున్న ఇల్లిది, పువ్వు కూడా నేనే ఎంచుకుంటాను."

"తెస్తే నన్ను పెళ్లి సేసుకుంటావా?"

నోరు జారింది. పక్కనే కూర్చున్న వాళ్ల మామ్మ యర్రమ్మ నోట్లో చుట్ట తీసి మరీ నవ్వింది. స్వర్ణ నవ్వలేదు.

"ముందు తే. అప్పుడు సూద్దాం."

తొందరపడి వారంలోనే ఒకటి పట్టుకెళ్లాను. పసుప్పచ్చ పూలే కదా, సరిపోతుందనుకున్నాను.

"ఇది పొద్దుతిరుగుడు! అసలు కొండోడివేనా నువ్వు?" అని మొహం మీదే తలుపేసింది.

సిగ్గుతో చచ్చాను. అప్పుడే ఒట్టేసుకున్నాను, అసలు పువ్వుతోనే మళ్లీ ఆ గడప తొక్కుతానని. విశాఖలో బ్లైండ్ల మీద అచ్చు వేసేవాళ్లున్నారు, కానీ మంచి ఫొటో కావాలన్నారు. వలిసె పూసేది నవంబర్లో. ఆగాను. ఈలోగా స్వర్ణకి పాడేరు నుంచి సంబంధం వచ్చిందని తెలిసి నాకు అన్నం సహించలేదు. అయినా ఆగాను.

నవంబరు వచ్చింది. వాళ్ల చేనంతా పసుపు ఆరబోసినట్టుంది. నేను అందులో దిగి ఫొటోలు తీస్తుంటే కర్ర పట్టుకుని స్వర్ణ వచ్చేసింది.

"ఓలమ్మో, సేనంతా తొక్కేత్తన్నావు! బేగి బయటికి రా!"

రాలేదు. ఫొటో తీశాను.

పదిరోజులకి బ్లైండ్ వచ్చింది. నేనే వాళ్ల కిటికీకి బిగించాను. ఇది చూసి కోప్పడిందో, నా పని అయిపోయినట్టే. కిందికి లాగాను. కిటికీ నిండా వలిసె పూలు. వాటి మధ్య కర్రెత్తి కళ్లురుముతూ స్వర్ణ.

యర్రమ్మ పడీ పడీ నవ్వింది. స్వర్ణ మాత్రం దగ్గరకొచ్చి తన బొమ్మని వేలితో పొడిచింది.

"పువ్వులడిగితే నన్నెందుకు అచ్చేయించావు?"

"ఉత్త పూల ఫొటోలు బోలెడున్నాయి. నాకు ఇదే నచ్చింది. నీకు పువ్వులు ఏడాదంతా కావాల. నాకు నువ్వు కావాల."

"పాడేరోళ్లకి ఎప్పుడో వద్దని సెప్పేసాను" అంది, పూల వైపే చూస్తూ. అంతలోనే గొంతు పెంచింది. "ఇది తీసెయ్! నా మొగం నా కిటికీకేటి? మీ ఇంట్లో కట్టుకో."

బ్లైండ్ పైకి చుట్టడం మొదలుపెట్టాను. "మా ఇంటి కిటికీ సిన్నది" అన్నాను.

"అయితే గోడ కొట్టి పెద్దది సేయించు. నేనొచ్చేసరికి అయిపోవాల."