పసుపు అంటని పిలుపు

"అయ్యో... ఇప్పుడెలా వదినగారూ!"

ఫోను చెవికి ఆనించుకునే అరుగు మీద కూలబడింది కామేశ్వరి. అవతల గాజువాకలో ఆడపడుచు సూర్యకాంతమ్మ మూలుగుతూ చెబుతోంది.

"ఎలా అంటే నన్నేం చెయ్యమంటావే! పొద్దున్న బాత్రూములో జారి పడ్డాను. పాదానికి కట్టు వేసి, కాలు కింద పెడితే ఒప్పుకోనన్నాడు డాక్టరు. రేపు సాయంత్రానికి ఎలాగో ఆటోలో వచ్చి కుర్చీలో కూర్చుంటాను. ఇవాళ ఇల్లిల్లూ తిరిగి పిలవడం మాత్రం నా వల్ల కాదు. ఎవరైనా ముత్తైదువని బతిమాలుకుని పంపించు. కామేశ్వరీ... నువ్వు మాత్రం వెళ్ళకు సుమా! శుభమా అని పిల్లకి గాజులు తొడిగే పేరంటం..."

"నాకు తెలుసు వదినగారూ," అంది కామేశ్వరి మెల్లగా.

తెలుసు! ఆ సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా? స్టీల్ ప్లాంటులో ఫిట్టరుగా చేసిన గవర్రాజు గుండెనొప్పితో పోయి ఆరేళ్ళయింది. ఆయన పోయిన కొత్తల్లో ఒకరోజు పాల కోసం వీధిలోకి వెళ్తుంటే, ఎదురింటి పద్మావతి అత్తగారు పెళ్ళికి బయలుదేరుతూ ఎదురైంది. ఆ పెద్దావిడ ఒక్క మాట అనలేదు. వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరింది... అంతే! తిట్టి ఉంటే ఎదురు తిట్టి మర్చిపోయేదేమో. ఆ మౌనం మాత్రం శూలంలా దిగబడిపోయింది. అప్పటినుంచీ ఎదురింటి గేటు చప్పుడైతే చాలు, కామేశ్వరి చేతిలో పని వదిలేసి తలుపు వెనక్కి తప్పుకుంటుంది. వాళ్ళ అడుగులు వీధి మలుపు తిరిగాకే ఊపిరి పీల్చుకుంటుంది. ఆ పెద్దావిడ కాలం చేసి ఎన్నాళ్ళో అయినా ఆ అలవాటు మాత్రం పోలేదు. పండగలకీ నోములకీ బొట్టు భరిణె పట్టుకుని ఎవరెవరో వీధి వెంట తిరుగుతుంటారు. ఆమె గుమ్మం దగ్గరకు వచ్చేసరికి వాళ్ళ అడుగుల వేగం పెరుగుతుంది. కిటికీ పక్కన నిలబడి ఆ చప్పుడు వినడం కూడా అలవాటైపోయింది.

అలాంటి మనిషి ఇప్పుడు ఎవరిని బతిమాలుకుంటుంది?

పోనీ ఎవరూ రాకపోతే మానె అనుకోవడానికి లేదు. రేపు సాయంత్రం కూతురు ధనశ్రీ వస్తోంది. ఏడో నెల! భీమిలి నుంచి అల్లుడు జయంత్, వియ్యపురాలు, వాళ్ళవైపు ఆడవాళ్ళు అందరూ వ్యానులో దిగుతారు. పెళ్ళిలోనే వియ్యపురాలు పదిమందిలో అననే అంది. "మీ వైపు పేరంటాళ్ళు ఒక్కరూ కనబడరేమిటండీ? అమ్మాయికి అక్షింతలు వెయ్యడానిక్కూడా మేమే రావాలా?" అని నవ్వుతూనే! ఆ క్షణాన తలంబ్రాల తల దించుకున్న ధనశ్రీ ముఖం కామేశ్వరి మర్చిపోలేదు. పుట్టింట్లో జరిగే ఈ ఒక్క వేడుకకీ చాప ఖాళీగా ఉంటే... నా బిడ్డ మళ్ళీ తల దించుకుంటుందా? భగవంతుడా!

అప్పుడు తట్టిందామెకు, కార్డులు! కార్డు ఇస్తే బొట్టు పెట్టే చెయ్యి అక్కర్లేదు. తలుపు కిందనుంచి లోపలికి తోసేస్తే ఎవరి ఎదురూ పడక్కర్లేదు!

చెప్పులు వేసుకుని కూర్మన్నపాలెం జంక్షన్‌కి పరుగులాంటి నడకతో వెళ్ళింది. "రేపటికా? కరెంటు ఎప్పుడొస్తాదో తెలవదు, కార్డు ఎక్కడ కొట్టీమంటారు?" అని నవ్వేశాడు ప్రెస్సువాడు. పక్క కొట్లో గట్టి తెల్లకాగితాలు కొనుక్కుని ఇంటికొచ్చేసింది. చేత్తో చేస్తే ఏం? ధనశ్రీ చిన్నప్పుడు చెయ్యలేదూ?

ధనశ్రీ చేసిందంటే అది తండ్రి పోలిక. కామేశ్వరికి గీత తిన్నగా రాదు. కొత్త కాపురంలో ఆమె వేసిన ముగ్గు చూసి గవర్రాజు, "ఏమేవ్, ఇది ముగ్గా, మా ప్లాంటులో పైపులైనా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. తరవాత పండగ రోజుల్లో వీధి నిద్ర లేవకముందే ఆయనే వెళ్ళి ముగ్గు వేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కాఫీ తాగేవాడు. వీధిలో అందరూ మెచ్చుకుంటుంటే కామేశ్వరి సిగ్గుపడుతూ నవ్వేది. రాయడం కూడా పెళ్ళయ్యాక సాయంత్రం బడిలో నేర్చుకున్నదే. ఆయనే పలక కొనిచ్చి పంపాడు...

కత్తెర కనబడలేదు. కత్తిపీట ముందు పెట్టుకుని కాగితాలు కోసింది. వంకాయ ముక్కలు కోసే చెయ్యి అది! ఒక అంచు ఇటు, ఒక అంచు అటు. సరి చెయ్యబోతే కార్డు మరీ చిన్నదైపోయింది. ట్రంకుపెట్టె అడుగున ధనశ్రీ రంగుపెన్నులు దొరికాయి. ఎర్రది గీస్తే రాలేదు. ఆకుపచ్చది రాలేదు. నీళ్ళలో ముంచినా, నోటితో ఊదినా ఒక్కటీ పలకలేదు. నలుపొక్కటే రాసింది. సరే, ఏ రంగైతే ఏం!

అక్షరాలు పెద్దగా రాయడం అలవాటు కనుక చోటు చాల్లేదు. "మా ఇంటికి రేపు సాయంత్రం తప్పక రావలెను" అని రాసేసరికే సగం కార్డు నిండిపోయింది. సీమంతం అని రాయడానికి చోటేదీ? బొమ్మ వేస్తే చూసినవాళ్ళకి తెలియదా? మిగిలిన చోటులో నాలుగు కొయ్యలతో ఉయ్యాల గీసింది. అందులో పడుకున్న పాప. దాని కింద "మా అమ్మాయి ధనశ్రీ" అని రాసింది. అన్నం మెతుకుతో ఒక తగరపు పువ్వు అంటించబోతే కార్డంతా జిగురై వేలికి వచ్చేసింది. పువ్వు మానేసింది.

ఇక పసుపు... నాలుగు మూలలా పసుపు అద్దాలి. వంటింట్లోకి వెళ్ళి డబ్బా మూత తీసింది. కూరలో వేస్తుంది, పప్పులో వేస్తుంది... శుభలేఖకి ఎలా అద్దుతుంది ఈ చేత్తో? నా బిడ్డ కడుపులో ఉన్న పసికందుకి ఏమైనా అయితే! మూత పెట్టేసింది.

మధ్యాహ్నం అన్నాలు తిని వీధంతా తలుపులేసుకున్న వేళ, దొంగలా ఇల్లిల్లూ తిరిగి కార్డులు తలుపుల కింద నుంచి లోపలికి తోసేసింది. చివరగా పద్మావతి గుమ్మం. తోసేసి, వెనక్కి చూడకుండా వచ్చి తలుపు వేసుకుంది. చెమటలు కారుతున్నా, ఎన్నాళ్ళకో మనసు తేలికపడినట్టనిపించింది.

కాసేపటికి "అమ్మా, నీల్లియ్యవా!" అంటూ చేపల నూకాలు ఖాళీ తట్టతో వచ్చి అరుగు మీద చతికిలబడింది. బస్సు వచ్చేదాకా ఆ అరుగు మీద కూర్చోవడం ఆమెకు మామూలే. ఈ వీధిలో కామేశ్వరితో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. గ్లాసు అందుకుంటూ, మిగిలిపోయిన కార్డు చూసింది. గ్లాసు చేతిలోనే ఆగిపోయింది.

"ఓలమ్మ! ఎవులు పోనారమ్మా?"

"ఏమిటే ఆ మాటలు!"

"మరిదేటి? పాడె గదా? మీద శవం పడుకున్నాది..."

"చీ, నీ నోరు పడ! అది ఉయ్యాలే! పాప!"

"ఉయ్యాలా!" నూకాలు కార్డుని అటూ ఇటూ తిప్పింది. "నాకు సదవడం రాదు గానీ నాను సూడని కార్డా? నల్లగా రాసి, మూలకి పసుపు లేకపోతే అది సావు కార్డే. ఎవులికీ ఇయ్యలేదు గదా?"

కామేశ్వరి ఆ కార్డు లాక్కుని చూసింది. నాలుగు కొయ్యలు... అడ్డంగా పడుకున్న మనిషి... దాని కింద తన కూతురి పేరు!

"అమ్మో... నూకాలూ! నా చేతులతో నేనే... కడుపుతో ఉన్న బిడ్డకి..." గోడకి తల కొట్టుకుంది. పసుపు తాకితే అశుభమని భయపడి, నా బిడ్డకి చావు కార్డు రాసి ఇంటింటికీ పంచిపెట్టానా! ఎంత పాపిష్టిదాన్ని!

"ఏడిస్తే ఏటవుద్ది? ఎల్లు! తలుపు కొట్టి సెప్పు, ఎల్లమ్మా!"

గేటు దాకా పరిగెత్తింది. గడియ మీద చెయ్యి వేసింది. అంతే... ఆ చెయ్యి లేవలేదు. ఆరేళ్ళుగా ఎవరి గడపా తొక్కని కాళ్ళు బిగుసుకుపోయాయి. ఇప్పుడు ఎవరి తలుపు కొడితే ఎవరు ముఖం చిట్లిస్తారో!

అప్పుడే ఎదురింటి గేటు భళ్ళున తెరుచుకుంది. అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేసింది కామేశ్వరి. కానీ పద్మావతి ఎటూ వెళ్ళడం లేదు. తడి జుట్టుతో, చెప్పులైనా లేకుండా, కార్డు చేత పట్టుకుని నేరుగా తనవైపే పరిగెత్తుకొస్తోంది!

"కామేశ్వరిగారూ! ధనశ్రీకి ఏమైందండీ! నా తల్లి... నిన్న మొన్నటి పిల్ల!" అంటూ వచ్చి గట్టిగా వాటేసుకుంది. వెనకాలే మూలింటి సీతాలు. ఆమె వెనక ఇంకెవరో, ఇంకెవరో... కళ్ళు తుడుచుకుంటూ, ఒకరి మీద ఒకరు పడుతూ. కామేశ్వరికి నోట మాట రాలేదు. ఆ మౌనం చూసి వాళ్ళు మరీ గొల్లుమన్నారు. ఆరేళ్ళ తరవాత ఒక మనిషి చేతులు తన భుజాల చుట్టూ... ఆ వెచ్చదనానికే ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

"ఓలమ్మ, ఆపండి ఏడుపు!" అని అరిచింది నూకాలు. "పిల్ల బాగున్నాది! రేపు సీమంతం! అది పాడె కాదంట, ఉయ్యాలంట!"

సీతాలు కార్డు ఎత్తి పట్టుకుని చూసింది. "ఉయ్యాలా ఇది? నా గుండె ఆగిపోనాది గదమ్మా!" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, ఏడ్చే ముఖాలతోనే అందరూ నవ్వడం మొదలెట్టారు. కామేశ్వరి మాత్రం చేతులు జోడించింది.

"క్షమించండమ్మా... ఆ కార్డులు ఇచ్చెయ్యండి, తగలబెట్టేస్తాను. నేను వచ్చి పిలవకూడదని... పసుపు ముట్టకూడదని..."

పద్మావతి నవ్వు ఆగిపోయింది.

"మా అత్తగారు ఆరోజు చేసిన పనికి మీరు మమ్మల్ని క్షమించలేదనుకున్నానండీ. మా గేటు చప్పుడైతే మీ తలుపు పడేది. నా ముఖం చూడడం ఇష్టం లేదేమోనని నేనూ రాలేదు... మీరు దాక్కునేది మా కోసమా! పిచ్చి మనిషీ!"

కార్డు అందుకోబోయిన కామేశ్వరి చేతిని పక్కకు తోసి, పద్మావతి దాన్ని కొంగులో దాచుకుంది. "ఇది నేనివ్వను. మీ చేత్తో రాసి నన్ను పిలిచారు. పసుపే కదా కావలసింది? మా ఇంట్లో లేదా పసుపు?"

మర్నాడు సాయంత్రం చాప చాల్లేదు. వచ్చిన ప్రతి మనిషి చేతిలోనూ ఆ వంకరటింకర కార్డు ఉంది. దాని నాలుగు మూలలా ఎవరింటి పసుపు వాళ్ళు అద్దుకుని తెచ్చారు! కాలికి కట్టుతో కుర్చీలో కూర్చున్న సూర్యకాంతమ్మ, "ఇంతమందిని ఎవరు పిలిచారే!" అని నోరు తెరిచింది. భీమిలి వియ్యపురాలు గోడకి ఆనుకుని చోటివ్వాల్సి వచ్చింది. ధనశ్రీ మాత్రం తల ఎత్తుకుని కూర్చుంది.

కామేశ్వరి అదంతా వంటింటి తలుపు సందులోంచి చూసింది. గాజుల గలగల వింది. ఆ గాజుల దగ్గరకు ఆమెను ఎవరూ రమ్మనలేదు. ఆమె కూడా వెళ్ళాలనుకోలేదు. బిడ్డ తల దించుకోలేదు, అదే పదివేలు!

అందరూ భోజనాల హడావిడిలో ఉండగా, మోచేతుల దాకా గాజులతో ధనశ్రీ వంటింట్లోకి వచ్చింది. చేతిలో పద్మావతి కార్డు.

"అమ్మా... ఇందులో పడుకున్నది నేనా, నా బిడ్డా?"

"ఎవరో ఒకరులేవే," అంది కామేశ్వరి కళ్ళు తుడుచుకుంటూ.

"నాన్న చూస్తే ఎంత నవ్వేవారో!" అని నవ్వుతూనే ఏడుస్తూ తల్లి భుజం మీద వాలిపోయింది. "పురిటికి వచ్చినప్పుడు దీన్ని ఉయ్యాల మీద గోడకి అంటిస్తానమ్మా. దాచు."

చీకటి పడేసరికి వ్యాను కదిలిపోయింది. చాప చుట్టి మూల పెట్టాక ఇల్లు మళ్ళీ ఎప్పటిలాగే అయింది. కంచంలో ఒక్కతే అన్నం పెట్టుకుంటుంటే, ఏదో కలగన్నట్టుగా ఉంది. ఇన్నేళ్ళ ఒంటరితనం ఒక్క పేరంటంతో పోతుందా...

పొద్దున్న గుమ్మం కడుగుతుంటే ఎదురింటి గేటు చప్పుడైంది. కామేశ్వరి చీపురు వదిలేసి చప్పున తలుపు వెనక్కి తప్పుకుంది. ఊపిరి బిగబట్టి అడుగుల కోసం విన్నది. అడుగులు వీధిలోకి వచ్చాయి... ఆగిపోయాయి. మలుపు వైపు వెళ్ళవేం?

"కామేశ్వరిగారూ!" పద్మావతి గొంతు. "మా అమ్మాయి దేవి పోర్టులో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తోంది. కాస్త ఎదురు రండి."

సరిగా వినలేదేమో అనుకుంది. తలుపు వెనకనుంచే బదులిచ్చింది. "నేనా... నేను కాదమ్మా, ఇంకెవరినైనా..."

"మీరే! మీరొస్తేగానీ కదలనని నడివీధిలో నిలబడింది. అవతల బస్సు వెళ్ళిపోతుంది!"

"ఆంటీ, ప్లీజ్! త్వరగా!" అంది దేవి.

కామేశ్వరి తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. గోడ మీద గవర్రాజు ఫొటో వైపు ఒక్కసారి చూసింది. తలుపు తీసింది. ఎదురెండ కళ్ళలో పడి ఏమీ కనబడలేదు. అయినా ఆగలేదు... మెట్టు దిగి, గేటు దాటి, ఫైలు గుండెలకి హత్తుకుని నిలబడిన ఆ పిల్లకి ఎదురుగా నడిచింది.