పై గడియ

హాలు గోడ మీద ఇత్తడి పలక లేదు. నాలుగు స్క్రూల రంధ్రాలు మాత్రం నోరు తెరుచుకుని ఉన్నాయి.

"పదకొండుకి హెరిటేజ్ కమిటీ వస్తోంది సార్," అంది హెడ్‌మిస్ట్రెస్. "కాలం చేసిన దాతగారు ఈ ఇల్లు బడికిచ్చారనడానికి ఆ పలకొక్కటే సాక్ష్యం. కాగితాలు ఎప్పుడో చెదలు తినేశాయి. పలక లేకపోతే పిల్లలు రోడ్డున పడతారు."

ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకున్నాడు. పదిన్నర.

ఉదయం పెయింటర్ హాలు తలుపుకి లోపలివైపు ఆకుపచ్చ రంగు పూసి, టీకి వెళ్లాడు. వచ్చేసరికి పలక మాయం. సెలవు రోజు కావడంతో అప్పుడు ఆవరణలో ఉన్నది మరో ముగ్గురే. హెడ్‌మిస్ట్రెస్, దాత కొడుకు, దాత చెల్లెలు. ఎవరి చేతులకూ రంగు లేదు. వరండాలో కిరసనాయిలు డబ్బా ఉండగా చేతులు తుడుచుకోవడం ఎంతసేపు?

"ఇల్లు బిల్డర్‌కి అమ్ముతానన్నది మీరేగా?" ఇన్‌స్పెక్టర్ కొడుకువైపు తిరిగాడు.

"అన్నాను. అంతమాత్రాన దొంగనైపోతానా?" కొడుకు భగ్గుమన్నాడు. "నేను చదువుకున్నదీ ఇక్కడే!"

"మీరెక్కడున్నారమ్మా?"

"వరండాలో," అంది దాత చెల్లెలు. "అన్నయ్య దీన్ని బడి చేశాక నేను గడప తొక్కలేదు."

ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గరికి వెళ్లాడు. తడి రంగు మీద, తల ఎత్తున, వేళ్లు రుద్దిన గుర్తులు. ఎవరో లోపల గడియ పెట్టుకోబోయి తడిమినట్టున్నాయి. అక్కడ గడియ లేదు. పూడ్చేసిన పాత రంధ్రాలున్నాయి, అంతే. అసలు గడియ నడుము కంటే కిందుంది.

అందరినీ లోపలికి పిలిచి గడియ వేశాడు. కిటికీలకు రంగు పడకుండా కాగితాలు అంటించి ఉన్నాయి. లైటు తీసేయగానే హాలు చీకటైపోయింది.

"ఒక్కొక్కరే వచ్చి తలుపు తీయండి," అని, చెయ్యి తలుపును తాకగానే వెలిగించడానికి టార్చి పట్టుకున్నాడు. "ఆలోచించకండి. త్వరగా!"

పెయింటర్ చెయ్యి కిందికి పోయింది. హెడ్‌మిస్ట్రెస్ చెయ్యీ అంతే. కొడుకు చూడకుండానే వంగి గడియ లాగాడు.

దాత చెల్లెలి చెయ్యి పైకి లేచింది. ఖాళీ చెక్క మీద తడిమింది. ఆగిపోయింది.

లైటు వెలిగింది.

"ఇది ఇల్లుగా ఉన్నప్పుడు గడియ అక్కడే ఉండేది కదమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లగా.

"అత్తా, నువ్వా!" కొడుకు నోరెళ్లబెట్టాడు.

"నన్నొక్క మాట అడగలేదురా మీ నాన్న!" ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఈ ఇంట్లో పుట్టింది ఆయనొక్కడేనా? పలక మీద ఆయన పేరొక్కటే! అది నా కంటికి కనబడకూడదనుకున్నాను. దాంతో బడే పోతుందని నాకెవరు చెప్పారు? వంటింటి పొగగూడులో ఉంది, తీసుకోండి."

వంటిల్లంటే ఇప్పటి సైన్స్ ల్యాబ్. కానిస్టేబుల్ పరుగెత్తి, మసిబారిన పలకతో వచ్చాడు. పెయింటర్ స్క్రూలు బిగిస్తుంటే బయట కారు హారన్ మోగింది.

దాత చెల్లెలు తలుపు వైపే చూస్తోంది.

"గడియ కిందికి ఎవరు దించారు?"

"దాతగారేనమ్మా," అంది హెడ్‌మిస్ట్రెస్. "బడి తెరిచిన రోజే, తన చేత్తో. పిల్లలకు అందాలని."

ఆమె పమిట చెంగుతో పలక మీది మసి తుడిచింది. అన్నయ్య పేరు కూడా తుడిచింది, మెరిసేదాకా. మోకాళ్లు సహకరించకపోయినా నడుం వంచి, కమిటీవాళ్లకు తనే తలుపు తీసింది.