కృత్రిమ రక్తం వచ్చేదాకా

"రక్తం ఇవ్వడానికొచ్చారా, మమ్మల్ని దగ్గించడానికొచ్చారా?"

గుంటూరు ఆసుపత్రిలో మహిమ నాతో అన్న మొదటి మాట ఇది. తప్పు నాదే. నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్‌ని. ఫోన్ రాగానే బస్తాల మధ్య నుంచి అలాగే పరుగెత్తుకొచ్చాను. చొక్కా ఘాటుకి వార్డంతా తుమ్ముతోంది.

"పేరు?"

"శ్యామ్ సుందర్. బాంబే గ్రూపు."

"నాదీ అదే. ఇద్దరం దొరకని సరుకన్నమాట."

బాంబే గ్రూపు వాళ్లకి అదే గ్రూపు రక్తం తప్ప ఇంకేదీ పనికిరాదు. పుట్టుకతోనే రక్తం తక్కువైన మహిమకి మా చుట్టుపక్కల దొరికింది నేనొక్కణ్నే. మూణ్నెల్లకోసారి పిలుపొచ్చేది. నిజం చెప్పాలంటే ఆ పిలుపు కోసమే బతికేవాణ్ని.

ఒక వాన సాయంత్రం ఆసుపత్రి వరండాలో నా మనసులో మాట చెప్పేశాను.

"ఇంత ఆలస్యమా? మొద్దబ్బాయివి" అంది.

ఆ ఆదివారమే వాళ్లమ్మ ఎలీసమ్మ గారు నన్ను చర్చికి పిలిచి, సాక్ష్యం చెబుతూ లేపి నిలబెట్టారు. "నా బిడ్డ ఒంట్లో ఉంది ఈ అబ్బాయి రక్తం. మగదిక్కు లేని ఇంటికి దేవుడిచ్చిన కొడుకు. ఇవాళ్టి నుంచి మహిమకి అన్న."

సంఘమంతా ఆమేన్ అంది, మేమిద్దరం తప్ప.

సాయంత్రం ఇంటికెళ్లి అడిగాను. "మహిమని నాకివ్వండి ఆంటీ."

"ఒకే రక్తం పెట్టుకుని పెళ్లేంటయ్యా? పాపం కాదా? నీకా ఉద్దేశం ఉంటే నీ రక్తం మాకొద్దు. మళ్లీ మా గడప తొక్కొద్దు."

ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి. నా ప్రేమ గెలిస్తే మహిమ బతకదు. నోరు మూసుకున్నాను.

మహిమే ఫోన్ చేసింది. "జపాన్‌లో కృత్రిమ రక్తం తయారుచేస్తున్నారంట. ఏ గ్రూపుకైనా ఎక్కించొచ్చంట. అదొస్తే నీ రక్తంతో పనుండదు. నువ్వు అన్నవీ కావు. ఆగుదాం."

ఆగాం. దాని గురించి ఏ వార్త కనబడినా వాట్సాప్‌లో పంపేవాణ్ని. "ఇంకా ట్రయల్సేనా?" అని రిప్లై వచ్చేది. కొన్నాళ్లకి అదీ ఆగిపోయింది.

పొన్నూరు నుంచి ప్రసన్నకుమార్ అనే టీచరు సంబంధం వచ్చింది. మహిమ ఒప్పుకునేదాకా వాళ్లమ్మ అన్నం ముట్టలేదు.

తండ్రి లేని పెళ్లికూతుర్ని చర్చిలో నడిపించాల్సింది అన్నేనట. నడిపించాను. కొత్త చొక్కా వేసుకున్నాను.

"ఇవాళ ఘాటు లేదే" అంది మహిమ, తల ఎత్తకుండా. "ఏడవడానికి అదన్నా ఉంటే బాగుండేది."

మూణ్నెల్లకి మళ్లీ పిలుపొచ్చింది. రక్తమిచ్చి, మర్నాడు వార్డుకి చూడ్డానికి వెళ్లాను. ప్రసన్నకుమార్ లేచి కుర్చీ వేశాడు. "కూర్చోండి బావగారూ. మీ వల్లే మా ఇల్లు నిలబడింది."

కూర్చుని పాత వార్తే చెప్పాను. "జపాన్‌లో ట్రయల్స్ బాగానే నడుస్తున్నాయంట."

మహిమ భర్త వైపు చూసింది. తర్వాత నా వైపు.

"ఇంక దాంతో ఏం పని, అన్నయ్యా?"

నన్ను అలా పిలవడం అదే మొదటిసారి. పైన వేలాడే సంచిలో నా రక్తం ఇంకా సగం ఉంది.