ఒడ్డుకొచ్చాక రాసే నూనె

“కదలొద్దురా, పోలీ!”

నాగులమ్మ తమ్ముడి కాలు ఒళ్లో పెట్టుకుని గబగబా నూనె రాస్తోంది. కొబ్బరినూనెలో వేపనూనె కలిపి అమ్మ మస్తానమ్మ చేసిన దోమల నూనె అది. చేపల గంప ఎత్తుకుని సూళ్లూరుపేట పోతూ, “దీపాలు పెట్టే ముందర రాయవే. ఊళ్లో చలిజ్వరాలు తిరగతా ఉండాయి” అని చెప్పింది అమ్మ.

ఇంకా ఎండ తగ్గలేదు. బయట స్నేహితురాలు కామమ్మ కేకేస్తోంది.

“రొయ్యలన్నీ పోతాయే! రాయే!”

ఇప్పుడే రాసేస్తే సాయంత్రం ఈ పని ఉండదు. నాగులమ్మ సీసా గూట్లో పెట్టి పరుగెత్తింది. వెనకాలే తమ్ముడు పోలేరయ్య.

పులికాట్ సరస్సులో మోకాలి లోతు నీళ్లలో వంగి, పిల్లలు చేతులతో బురద తడుముతూ రొయ్యలు పట్టారు. పోలి కాళ్ల చుట్టూ నీళ్లమీద రంగులు తేలాయి.

“అక్కా, నీళ్లకి నూనె రాసినామే!” అని వాడు నవ్వాడు.

“వాగింది చాలు, పట్టు!”

పొద్దు వాలాక ఒడ్డున కూర్చుని రొయ్యలు ఏరుతుంటే దోమలు ముసిరాయి. పోలి టపటపా కాళ్లు కొట్టుకున్నాడు.

“నూనె రాసినా కదా! ఊరికే ఉండు” అని అక్క కసిరింది.

వారమంతా ఇదే వరస.

కొద్ది రోజులకి పోలికి చలిజ్వరం వచ్చింది. రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. మలేరియా ఇన్‌స్పెక్టరు జ్ఞానప్రకాశం గారు వాడి వేలు గుచ్చి, గాజుపలక మీద రక్తం చుక్క తీసుకున్నారు. మాత్రలిచ్చారు.

“నూనె రాయడం లేదామ్మా?”

“రోజూ పాప రాస్తానే ఉంది సార్” అంది మస్తానమ్మ.

నాగులమ్మ అక్కడ నిలవలేకపోయింది. గడప దాకా వెళ్లింది. మళ్లీ వచ్చింది. కళ్ల ముందు నీళ్లమీద తేలిన రంగులే.

“అమ్మా, నేను మద్దేన్నమే రాసేసినా. అంతా నీళ్లలో పోయింది.”

అమ్మ తడిగుడ్డ కూతురి చేతికిచ్చింది. నాగులమ్మ దాన్ని తమ్ముడి నుదుటి మీద వేసింది.

నెల తిరిగేసరికి పోలి మళ్లీ నీళ్లలోకి దిగాడు. పొద్దు వాలకముందే నాగులమ్మ నీళ్లలోంచి బయటికొచ్చింది.

“ఒడ్డుకి రారా!”

“అప్పుడేనా? బుట్ట సగం కూడా నిండలేదు, మహారాణీ!” అని కామమ్మ వెక్కిరించింది.

నాగులమ్మ పావడ అంచుతో తమ్ముడి కాళ్లు పొడిగా తుడిచింది. వెంట తెచ్చిన నూనె సీసా తీసింది. మడమలు, పిక్కలు, చేతులు, మెడ, ఒక్కచోటు వదలకుండా మెల్లగా రాసింది.

పోలి నీళ్లవైపు చూసి నాలుక బయటపెట్టాడు. “ఈసారి నీకు లేదుపో!”

కామమ్మ పిక్క గోక్కుంటూ ఒడ్డెక్కింది. “నాకూ కొంచెం పొయ్యవే.”

“ముందు తుడుచుకో” అంది నాగులమ్మ.