వదిన కంటే మంచి బూట్లు

కుట్టుకొట్టు తెరిచే ముందు పుట్టింటికి వచ్చి, అమ్మ చేతి కాఫీ తాగి వెళ్ళడం చిట్టికి పెళ్ళైన నాటి నుంచీ అలవాటు. ఆ రోజు వచ్చేసరికి పొయ్యి చల్లగా ఉంది, వంటింట్లో అమ్మ లేదు. మేడ మెట్ల మీద ధబధబమని చప్పుడు. తొంగిచూస్తే, అరవై దాటిన అమ్మ ఇసక మూటలున్న సంచీ వీపుకు తగిలించుకుని ఎక్కుతోంది, దిగుతోంది. కింద నడుం మీద చేతులేసుకుని వదిన. బడిలో డ్రిల్లు టీచరు మరి, ఇంట్లోనూ అదే నిలబడడం.

"అమ్మా! నీకేమైనా గాలి సోకిందా? ఆ మోకాళ్ళేం కావాలి?"

"ఏం కావే. వచ్చే నెల కొండదారి నడక, పది రోజులు! మీ వదినా, నేనూ," అంది అమ్మ రొప్పుతూనే నవ్వి.

మీ వదినా, నేనూనట! కుట్టుపని చేసే మనిషికి వేలికి సూది దిగడం మామూలే. గుండెకి దిగడం చిట్టికి అదే మొదలు.

ఇక ఏ రోజు వచ్చినా ఏదో ఒకటే. ఒకనాడు హాల్లో కుర్చీలన్నీ గోడకి జరిపి గుడారం వేశారు. లోపల అత్తాకోడళ్ళు చిన్నపిల్లల్లా కిచకిచలు. ఇంకోనాడు బల్ల మీద పటం పరిచి, దిక్సూచి పెట్టి ఏ వాగు ఏ పక్కో చూసుకుంటున్నారు. కుండపోత వానలో గొడుగులు కూడా లేకుండా బయల్దేరారు ఒకసారి. వానొస్తే ఇంట్లోకి పరిగెత్తే మనసుని ముందు దారికి తెచ్చుకోవాలట! తన పెళ్ళికైనా అమ్మ ఇంత హడావిడి పడలేదని చిట్టి మూతి ముడుచుకుంది.

చివరికి ఒక ఉపాయం తట్టింది. నడక కోసం అమ్మకి వదిన కొనిపెట్టిన బూట్లు అరిగి, నలిగి, ముసలి కుక్క చెవుల్లా వేలాడుతున్నాయి. చిట్టి బూట్ల కొట్లోకెల్లా ఖరీదైన జత కొనితెచ్చి అమ్మ ముందు పెట్టింది. రెండు జతలుంటే అమ్మ వదినవే తొడుక్కుంటుందని, పాతవాటిని చడీచప్పుడు కాకుండా పాత సామాన్లవాడికి ఇచ్చేసింది.

ఆ ఆదివారం అత్తాకోడళ్ళు ఊరవతల గుట్టదాకా నడిచి వచ్చారు. కబురందుకుని చిట్టి వచ్చేసరికి అమ్మ గోరువెచ్చని నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఉంది. మడమల మీద తోలు లేచిపోయి ఎర్రగా కనిపిస్తోంది.

"పాత బూట్లేవి చిట్టీ?" అంది వదిన.

"పాత సామాన్లవాడికి ఇచ్చేశా. అవేం బూట్లు, చూడ్డానికే అసహ్యం!"

"వారాల తరబడి నడిచి వాటిని అత్తయ్య కాళ్ళకి మచ్చిక చేశాం! కొత్తవి తొడుక్కుని గుట్టెక్కితే బొబ్బలు రావూ? ఇప్పుడీ కాళ్ళతో కొండ మాట దేవుడెరుగు, గుమ్మం దాటగలరా? ఆమాత్రం తెలీదా?"

"తెలీదు! నాకెవరు చెప్పారు? నన్నెవరు రమ్మన్నారు?" చిట్టి అరిచింది. "అమ్మ కన్నది నన్ను. నడిచేది నీతోనా?"

"రమ్మనలేదుటే?" అంది అమ్మ మెల్లగా. "ముందు నిన్నే అడిగాను. 'ఈ వయసులో నీకు కొండలేమిటమ్మా, కూర్చో' అన్నావు. నేను నిలబడితే కుర్చీ లాగుతావు, బజారుకెళ్తే సంచీ లాక్కుంటావు. నన్ను కూర్చోబెట్టడమేనే నీ ప్రేమంతా. ఇది మాత్రం 'లేవండత్తయ్యా' అంది. లేచాను."

చిట్టి ఆ ఎర్రటి మడమల వంక చూసింది. "మరి అంత నొప్పి పుడుతుంటే విప్పెయ్యకపోయావా?" అంది.

"నువ్వు కొనిపెట్టావు కదే."

అంతే, కట్టలు తెంచుకుంది ఏడుపు. చిట్టి నేల మీద కూలబడి అమ్మ మోకాళ్ళకి తల ఆనించింది. వదిన మందు సీసా తెచ్చి పక్కనే చతికిలబడింది.

"ఏడిస్తే మానుతాయా? ఒక్క మాట విను. దారి పొడుగునా ఈవిడ నోట నీ ఊసే. చిట్టి ఇలా అనేది, చిట్టి అలా చేసేది అని. పక్కన నడిచేది నేను, నడిపించేది నేను, మాటలన్నీ నీవి! నాకు మాత్రం కడుపు మండదూ?"

చిట్టి తలెత్తి చూసింది. వదిన కళ్ళూ తడిగానే ఉన్నాయి.

"కొండ ఎక్కడికీ పోదు. వానలు వెలిశాక వెళ్దాం," అంది అమ్మ. "ముగ్గురం."

చిట్టి ఎడమకాలు ఒళ్ళోకి తీసుకుంది. వదిన కుడికాలు తీసుకుంది. ఒకరు మందు రాస్తే రెండోవాళ్ళు ఇంకాస్త రాశారు. ఒకరు ఒక చుట్టు చుడితే రెండోవాళ్ళు రెండు చుట్టారు.

"మెల్లిగా తల్లులారా," అంది అమ్మ, ఇద్దరి తలల మీదా చెరో చెయ్యీ వేసి. "మీ పోటీలో నా పాదాలకి ఊపిరాడడం లేదు."