పటంలో కొండమ్మ బొట్టు

శంషాబాద్ నుంచి షాద్‌నగర్ దాకా గాలించినా, పుట్టి బుద్ధెరిగి ఒక్క అబద్ధం ఆడని మనిషిగా నేనొక్కణ్ణే దొరుకుతాను. చదివింది నాలుగో తరగతే. అందులోనూ మూడో తరగతి రెండుసార్లు చదివాను, గట్టిపడాలని. అందుకే కొండమ్మక్క సంగతి నేను రాస్తేనే నమ్మకంగా ఉంటుంది.

ఆమెది మా పక్కిల్లు. వయసెంతో ఆమెకే తెలియదు. రేషన్ కార్డులో ఎనభై అని రాయించింది నేనే. చిన్న వయసులోనే మొగుడు పోతే, పెరుగు కుండ నెత్తిన పెట్టుకొని మామిడిపల్లి మీదుగా పట్నం దాకా నడిచి అమ్మేది. వానొస్తే గొంగడి కుండకు కప్పి తాను తడిసేది. అలా ఇద్దరు కొడుకులను పెంచింది.

పంతొమ్మిది వందల తొంభై మూడులో పెద్ద కొడుకు శివయ్య జ్వరంతో పోయాడు. పదో రోజున అతని భార్య లచ్చమ్మ బొట్టు తీయడానికి వాడకట్టు ఆడవాళ్లు వచ్చారు. కొండమ్మక్క రోకలి పట్టుకొని గడపకు అడ్డంగా కూర్చుంది.

“నా కోడలి నొసలు ముడితే మర్యాద దక్కది! ఆనాడు నా కోసం గడపల కూసునెటోళ్లు లేకపాయె. దీనికి నేనున్న.”

వచ్చినవాళ్లు వచ్చినట్టే పోయారు. లచ్చమ్మ బొట్టు నిలిచింది. చిన్న కొడుకు, యాభై ఏళ్ల అనంతయ్యకు అది నచ్చలేదు గానీ తల్లి ముందు నోరు మెదపలేదు.

తొంభై ఆరులో, నాట్లు పడే రోజుల్లో, కొండమ్మక్క పోయింది. చూద్దామంటే ఒక్క ఫోటో లేదు. అనంతయ్య కొడుకు నరేందర్ పెళ్లి ఫోటోలో మాత్రం ఓ మూలన నిలబడి ఉంది. దాన్ని బస్టాండు దగ్గరి స్టూడియోకు తీసుకుపోయి, ఆమె ఒక్కదాన్నే పెద్దగా చేయమని చెప్పి వచ్చాను.

నెల మాసికం నాడు పొద్దున్నే పటం పట్టుకొని వెళ్లాను. లచ్చమ్మ బియ్యం కడుగుతోంది. ఆమె కూతురు అఖిల గోడకు మేకు కొడుతోంది.

“తాతా, నాయనమ్మ నవ్వుతున్నదా పటంల?”

“నవ్వుడేంది పిల్లా, ఇంకో నిమిషమైతే నిన్ను తిడతది సూడు.”

కాగితం విప్పాను. ముగ్గురం బిత్తరపోయాం. కొండమ్మక్క నొసట రూపాయి బిళ్లంత ఎర్రటి బొట్టు! స్టూడియోవాడు ఆడమనిషి పటం కదా అని, అలవాటు కొద్దీ రంగు దిద్దేశాడు.

అప్పుడే అనంతయ్య పూలదండతో లోపలికి వచ్చాడు.

“ఏంది మామా గిది? యాభై ఏండ్లు ఒట్టి నొసటితోటి బతికిన మనిషికి బొట్టేంది? బ్లేడు తే, గీకేస్త.”

అఖిల పటాన్ని గుండెకు హత్తుకుంది. “గీకొద్దు చిన్నాయనా!”

“నువ్వూకో. అమ్మ ఉన్నన్ని దినాలు నోరు మూసుకున్న. ఇగ నలుగురికి జవాబు చెప్పెటోన్ని నేనే. పటం మీదిది పోవాలె. వదినె, నీది గూడ.”

లచ్చమ్మ చెయ్యి నొసటి దాకా లేచి ఆగింది.

“అత్తమ్మ ఉంచుకోమన్నది, ఉంచుకున్న. తీస్తె ఆమె మాట తీసినట్టు. ఉంచుకుంటె నీ మాట తీసినట్టు. ఏం జెయ్యమంటవ్ మరిదీ?”

అఖిల కదిలింది. పటంతో సహా పోయి గడపకు అడ్డంగా కూర్చుంది.

“ఆ రోజు నాయనమ్మ కూసున్నది. ఇయ్యాల నేను కూసుంట. మా అమ్మ నొసలు ఎవరు ముడతరో రమ్మను.”

ఆ గొంతు అచ్చం కొండమ్మక్కదే. ఇక నాకు నోరు ఊరుకోలేదు.

“అనంతూ, నీకు యాదికి లేదు గానీ నేను సూసిన. మీ నాయన పోయిననాడు నీకు ఆరేండ్లు. మీ అమ్మ ఒట్టి నొసలు సూసి, ఈమె మా అమ్మ కాదని ఒక్కటే ఏడుపు. గోడకు పూసే ఎర్రమట్టి వేలితోటి తీసి ఆమె నొసట పెట్టినవ్. పెద్దలు తుడిచిన్రు. తుడిచిన బొట్టు పెట్టింది నువ్వేరా. ఇయ్యాల గీకుడు గూడ నువ్వేనా?”

అనంతయ్య నా వైపు చాలాసేపు చూశాడు. తర్వాత గడపలో అఖిల పక్కన కూలబడ్డాడు. పటం అందుకొని తల్లి ముఖాన్ని పైపంచెతో మెల్లగా తుడిచాడు. బొట్టు చెదరకుండా తుడిచాడు.

“అమ్మ నొసలు గిట్ల నేనెన్నడు సూడలే,” అన్నాడు. కాసేపటికి కుంకుమ భరిణె తీసి లచ్చమ్మ ముందు పెట్టాడు. “వదినె, దీపం నువ్వే ముట్టియ్యి. పటానికి గూడ నీ చేతితోనే ఇంత బొట్టు పెట్టు.”

లచ్చమ్మ కళ్లు తుడుచుకుంటూనే భరిణె మూత తీసింది.

భోజనాలయ్యాక వేపపుల్లతో పళ్లు కుట్టుకుంటూ అనంతయ్య నా పక్కకు వచ్చాడు.

“మామా, నాయన పోయేనాటికి నేనింక అమ్మ కడుపులనే ఉన్న. ఆరేండ్లేంది?”

తొందరలో లెక్క తప్పాను.

“మరప్పుడే ఎందుకు అనలేదురా?”

“పుట్టి ఉంటె పెట్టెటోన్నే గద,” అన్నాడు, పటం వైపే చూస్తూ.

కాబట్టి మొదట్లో నేను చెప్పుకున్న గొప్ప కొట్టేయండి. ఆ ఆరేళ్ల పిల్లవాడు, వాడి వేలు, ఎర్రమట్టి నా కల్పనే. మిగతాదంతా నిజం. రోకలి కూడా... సరే, అది రోకలి కాదు, చీపురు. వచ్చినవాళ్లు వెనక్కి పోయిన మాట మాత్రం నిజం.