బంతి పట్టిన చెయ్యి

ఆమె మెత్తటి బంతి విసిరింది. అతను పట్టుకున్నాడు, ఎడమ చేత్తో.

"మళ్ళీ దొంగాట! విరిగింది కుడి చెయ్యి. వ్యాయామం దానికి," అంది ఫిజియోథెరపిస్ట్, నడుం మీద చేతులు పెట్టుకుని.

"నేనేం చెయ్యనండీ, ఇదే ముందు లేస్తోంది."

అతనికి ముప్ఫై రెండేళ్ళు. ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పదేళ్ళ ఉద్యోగం. అక్కడ అందరూ పిలిచే పేరు నత్త. తనూ అదే నమ్మాడు. కొందరు చురుగ్గా పుడతారు, కొందరు ఇలా. సాయంత్రమయ్యేసరికి వేళ్ళే కాదు, మనసూ తిమ్మిరెక్కేది.

"చిన్నప్పుడు మీది పుర్రచెయ్యి వాటమా?" ఆమె గొంతు తగ్గింది.

"నాన్న మానిపించారు. రాసేటప్పుడు ఎడమ చెయ్యి కుర్చీకి కట్టేవారు. కోపంతో కాదండీ, నలుగురూ నవ్వుతారని."

ఆమె ఒక పెన్సిలు తెచ్చి అతని ఎడమ చేతిలో పెట్టింది. "ఏదైనా గీయండి."

బయట వాన. అతను కిటికీ గీశాడు, పక్కన ఒక కుర్చీ. గీతలు వంకరపోయాయి. చెయ్యి మాత్రం అలసిపోలేదు. అతను దాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"ఇన్నాళ్ళూ నేను నత్తననే అనుకున్నానండీ."

"మూడు కాళ్ళ మీద నడిపిస్తే గుర్రమైనా నత్తే, నత్తగారూ!"

అతను నవ్వాడు. నవ్వి ఎన్నాళ్ళయిందో.

ఆ సాయంత్రం ఇంట్లో ఎడమ చేత్తో గీస్తుంటే నాన్న వచ్చి వెనక నిలబడ్డాడు. ఏడేళ్ళ పిల్లాడిలా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు అతను. నాన్న ఎడమ పక్కనున్న టేబుల్ లైటు తీసి కుడి పక్కన పెట్టాడు.

"చేతి నీడ పడుతోందిరా," అని వెళ్ళిపోయాడు.

చివరి రోజు వచ్చింది. "కుడి చెయ్యి దివ్యంగా ఉంది. సోమవారం ఉద్యోగంలో చేరొచ్చు. ఇక మీరు రానక్కర్లేదు," అంటూ ఆమె రిజిస్టరు ముందుకు జరిపింది, అతని కళ్ళలోకి చూడకుండా.

మళ్ళీ ఆ ఆఫీసు, ఆ పేరు. ఆమె ఉండదు. పెన్ను కుడి చేత్తోనే తీసుకున్నాడు. ఒక్క క్షణం ఆగి, ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు.

"సంతకానికి ఇంతసేపా? బయట జనం ఉన్నారండీ."

"సంతకం ఎప్పుడో అయిపోయింది."

దాని కింద, ఒకటో తరగతి పిల్లాడి అక్షరాలతో ఒక వాక్యం ఉంది. 'చెయ్యి బాగైంది, అయినా రేపు రావచ్చా?'

ఆమె రెండుసార్లు చదివింది. "రేపు నాకు సెలవు."

అతని ముఖం వాడిపోయింది. రిజిస్టరు మూసి గుమ్మం దాకా నడిచాడు.

"అందుకే, అయిదింటికి ఎదురు హోటలుకి రండి. టీ తాగుదాం," అంది ఆమె వెనక నుంచి. "ఇదిగో, పట్టుకోండి!"

అతను తిరిగాడు. ఈసారి ఆమె బంతి ఎడమ వైపుకే విసిరింది.